ఓటర్ల పట్టిక: రిజాల్ విద్య దృష్టిలో ఒక పరిశీలన

2023 అక్టోబరు 7వ తేదీన గాజా యుద్ధం మొదలైంది. రెండు రోజుల తరువాత, 9వ తేదీన, ఎన్నికల సంఘం తెలంగాణ శాసనసభ ఎన్నికల తేదీలను ప్రకటించింది. నవంబరు 30న పోలింగు జరిగింది. కాకతాళీయమే గాని, గాజాలో వారం రోజులపాటు నిలిచిన కాల్పుల విరమణకు అది చివరి రోజు. మర్నాటి ఉదయం బాంబులు మళ్లీ పడ్డాయి. జనగామలో గాని, మహబూబాబాద్‌లో గాని, భూపాలపల్లిలో గాని ఆనాడు వరుసలో నిలబడిన ముస్లిం ఓటరు మనస్సులో ఈ రెండు విషయాలూ ఉన్నాయి: అక్కడి శవాలు, ఇక్కడి చీటీ.

ఈ వ్యాసం ఆ యుద్ధాన్ని గూర్చి కాదు. ఎక్కడో యుద్ధం జరుగుతుండగా ఇక్కడి రాజకీయాలలో ముస్లింలపట్ల అనుమానపు మాటలు పెరిగినప్పుడు, ఇక్కడి పౌరుని ఓటు ఏమవుతుందన్నదే ఇందలి చర్చ. 1999లో కార్గిల్ యుద్ధం ముగిసిన రెండు నెలలకే ఎన్నికలు వచ్చాయి. 2019లో పుల్వామా, బాలాకోట్ సంఘటనలు జరిగిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 11న, తెలంగాణ ఓటు వేసింది. సైనికుల ఫోటోలను ప్రచారంలో వాడరాదని ఎన్నికల సంఘం అదే సంవత్సరం మార్చి 9న పార్టీలకు చెప్పవలసి వచ్చింది. కనుక యుద్ధచ్ఛాయలో ఎన్నిక అనేది మనకు కొత్త కాదు.

ఈ విషయమై మన సభలలో రెండు వ్యాఖ్యానాలు వినవస్తుంటాయి. ద్వేషం ఉపన్యాసాలలోనిది, పట్టిక గుమాస్తాల పని, రెంటినీ కలుపరాదన్నది ఒకటి. పట్టికలో నుండి పోయిన ప్రతి ముస్లిం పేరూ ద్వేషం వల్లనే పోయిందన్నది రెండవది. మొదటి మాట అమాయకత్వం. రెండవది, కటువుగా చెప్పవలసి వస్తే, సోమరితనం. కుట్ర అని ఒక్క మాట అనేస్తే ఇక పట్టిక తెరిచి చదివే శ్రమ తప్పుతుంది. ఈ వ్యాసకర్త అభిప్రాయం వేరు. పట్టికలోని పొరపాటు చాలాసార్లు అందరికీ సమానంగానే జరుగుతుంది. కాని దానిని సరిచేయించుకోవడానికి చెల్లించవలసిన వెల అందరికీ సమానం కాదు. యుద్ధకాలపు వైరం ఆ వెలను పెంచుతుంది. పొరపాటు, వైరం కలిసే చోటు అదే. కనుక పరిశీలన కూడ అక్కడే జరగాలి.

ముందుగా ఈ పట్టిక అనే గ్రంథం ఎట్లా పుట్టిందో చూద్దాం. గ్రంథమనడం అతిశయోక్తి కాదు. 1951-52 నాటి మొదటి పట్టికలో 17 కోట్లకు పైగా పేర్లున్నాయి. ఓర్నిట్ షానీ అనే చరిత్రకారిణి 2018లో ప్రచురించిన తన పుస్తకంలో ఆ పట్టిక తయారైన తీరును వివరించింది. రాజ్యాంగం ఇంకా పూర్తికాక ముందే, దేశ విభజన నెత్తురు ఆరక ముందే, కాశ్మీరులో యుద్ధం సాగుతుండగానే అధికారులు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయడానికి పూనుకున్నారు. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థి తాను ఇక్కడే స్థిరపడదలచినట్లు ప్రకటిస్తే చాలు, అతని పేరు చేర్చుకోవచ్చునన్నారు. పత్రాలు లేని మనిషి మాటను రాజ్యం నమ్మింది. అదీ యుద్ధకాలంలో. ఆ పుస్తకంలో ప్రధానంగా అధికారుల ఉత్తర ప్రత్యుత్తరాల చరిత్ర ఉంది. పేరు రాయించుకున్నవాని గుండెలోని భయం అందులో తక్కువ. అయినా ఈ ఒక్క సంగతి కోసమైనా దానిని చదువదగును. రాజ్యాంగం వెలువడినప్పుడు 325వ అధికరణం ప్రతి నియోజకవర్గానికి ఒకే సాధారణ పట్టిక ఉండాలని, మతం కారణంగా ఎవరినీ దానినుండి తొలగించరాదని శాసించింది. ప్రత్యేక నియోజకవర్గాల కాలం అంతటితో ముగిసింది.

హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి మరింత క్లిష్టం. 1948 సెప్టెంబరులో జరిగిన సైనిక చర్యను ‘పోలీసు చర్య’ అన్నారు గాని, నిజాం ప్రభుత్వం తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతామండలి వరకు తీసుకొనిపోయింది. అది ఇంటి తగవా, పరదేశంతో యుద్ధమా అన్నదే అప్పటి వివాదం. ఆ చర్య తరువాత జరిగిన మారణకాండను పరిశీలించిన పండిత్ సుందర్‌లాల్ సంఘం చనిపోయినవారి సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అటువంటి రోజులు గడిచిన మూడు నాలుగేండ్లకే ఆ ముస్లింల పేర్లూ, వారి పొరుగువారి పేర్లూ ఒకే పట్టికలో వరుసగా అచ్చయ్యాయి.

జనగామ తాలూకా అప్పుడు నల్గొండ జిల్లాలోనిది, రైతాంగ పోరాటానికి గుండెకాయ వంటిది. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుగా నిలిచి, కోర్టులో గెలిచిన భూమి కోసం ప్రాణం పోగొట్టుకొన్న షేక్ బందగీ కామారెడ్డిగూడెం వాడు. సంస్థానమంతటా ముస్లిం అంటే రజాకారు అన్న అపవాదు మోగుతున్న కాలంలో కూడ జనగామ రైతుల నోట బందగీ పేరు తమవాని పేరుగానే నిలిచింది. 1952 ఎన్నికలలో నల్గొండ నుండి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో గెలిచిన సంగతి అందరూ చెబుతారు. అదే సంవత్సరం అదే జిల్లాలోని హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మఖ్దూం మొహియుద్దీన్‌ను గెలిపించిన సంగతి అంతగా చెప్పరు. రజాకార్ల దౌర్జన్యాన్ని కళ్లార చూసిన రైతులు, నాలుగేండ్లు తిరగక ముందే, ఒక ముస్లిం కవిని శాసనసభకు పంపారు. పగ న్యాయానికి అడ్డు రాగూడదన్న ఖుర్‌ఆన్ హెచ్చరికను (మాయిదా: 8) మనం తరచుగా ఎదుటివారికి వినిపిస్తుంటాం. ఆ రైతులు దానిని వినకనే ఆచరించి చూపారు. గాజా వార్తలు విని మన యువకులకు కలిగే కోపం ఇక్కడి పొరుగువాని మీదికి మళ్లకుండ చూచుకోవలసిన బాధ్యత మనకూ ఉన్నదని ఈ సందర్భంలో చెప్పక తప్పదు.

ఇక పేర్ల సంగతి. హదీసు విద్యలో రిజాల్ శాస్త్రమున్నదని, ఉల్లేఖకుల పేర్లను, వంశాలను, నివాసాలను నిగ్గు తేల్చడం దాని పని అని పాఠకులెరుగుదురు. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బాగ్దాదీ ఈ శాస్త్రంలో రెండు గ్రంథాలు రాశాడు. పేరొకటే అయి మనుషులు వేరైన సందర్భాలను ‘అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్’లో సేకరించాడు. ఒకే మనిషిని ఇద్దరిగాను, ఇద్దరిని ఒకే మనిషిగాను పొరబడిన పండితుల తప్పులను ‘మూదిహ్’ అనే గ్రంథంలో ఎత్తిచూపాడు. ఇమాం బుఖారీ వంటి మహనీయుని పొరపాటును కూడ అందులో వదలలేదు. పేరు అనేది ఎంత జారుడు వస్తువో ఆ విద్వాంసులకు తెలుసు.

మన జిల్లాల పట్టికలలోని జబ్బు సరిగ్గా ఇదే. మహమ్మద్ అన్న పేరు ఒక కాగితంలో ముహమ్మద్, మరొక దానిలో మొహమ్మద్, ఇంకొక దానిలో ఒట్టి ‘ఎండీ’. షేక్ ‘ఎస్కే’ అవుతాడు. సయ్యద్ ‘ఎస్డీ’ అవుతాడు. పెండ్లికి ముందు పేరు చివర ‘బీ’ ఉన్న ఆడబిడ్డ అత్తవారింట ‘బేగం’ అవుతుంది. ఖైరున్నిసా ఖైరూన్ అవుతుంది. దూదేకుల కుటుంబాలలో ఖాసిం కాశీం అవుతాడు. ఉర్దూలో పుట్టిన పేరు తెలుగు గుమాస్తా చెవిన పడి, ఇంగ్లీషులోకి పోయి, యంత్రం చేత మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి కన్నతల్లి కూడ గుర్తుపట్టదు. ఇది ఒకే మనిషి అనేకులు కావడం. దీనికి తలకిందులైనదీ ఉన్నది. ఒక ఊరిలోనే తండ్రి పేరు షేక్ ఇమాంగా గల షేక్ మహబూబులు ముగ్గురుండవచ్చు. పేరు, తండ్రి పేరు, వయస్సు సరిపోలితే ఇవి ఒకరివే కావచ్చునని నేటి కంప్యూటరు వేలెత్తి చూపుతుంది. వేలెత్తడం తప్పు కాదు. విచారించకుండా కొట్టివేయడం తప్పు.

మహబూబాబాద్ వారు తమ ఊరిని నేటికీ మానుకోట అనే అంటారు. రైల్వే స్టేషను బోర్డు మీద ఒక పేరు, బస్సులో కండక్టరు నోట మరొక పేరు. రెండు పేర్లున్నాయని ఊరిని ఎవరూ పటంలోనుండి తీసివేయలేదు.

రిజాల్ విద్యలో మరొక నియమమున్నది. ఒక ఉల్లేఖకుడు విశ్వసనీయుడని చెప్పడానికి కారణం చెప్పనక్కరలేదు గాని, అతడు పనికిరాడని చెప్పేవాడు మాత్రం కారణం వివరించి తీరాలి. కారణం చెప్పని ‘జర్హ్’ చెల్లదన్నదే సుప్రసిద్ధమైన అభిప్రాయమని ఇబ్నుస్సలాహ్ తన ముఖద్దిమాలో రాశాడు. ఎందుకనగా, ఒకనికి దోషంగా తోచినది మరొకనికి దోషం కాకపోవచ్చు. మన దేశపు చట్టం వేరే దారిలో వచ్చి ఇంచుమించు ఇక్కడికే చేరింది. ముంబయిలోను, ఢిల్లీలోను కొన్ని బస్తీల ఓటర్లను విదేశీయులని అనుమానించి, పోలీసుల నివేదికల మీద ఆధారపడి, కొన్ని పత్రాలు మాత్రమే చూస్తామని నోటీసులిచ్చిన వ్యవహారంలో సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. లాల్‌బాబు హుసేన్ కేసుగా అది ప్రసిద్ధం. ఇదివరకే పట్టికలో ఉన్న పేరును తగిన విచారణ జరిపే చేర్చి ఉంటారని భావించాలని, తొలగించదలిస్తే కారణం తెలిపి, అతడు చూపే సాక్ష్యాలన్నింటిని పరిశీలించాలని కోర్టు నిర్దేశించింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షను కూడ, ఊరు విడిచిపోయాడన్న కారణంతో పేరు తీసేముందు అతని మాట వినాలంటుంది.

నియమం ఉన్నది. ఆచరణ ఎట్లా ఉన్నదో తెలంగాణ 2018లో చూసింది. 2014లో 2 కోట్ల 80 లక్షలకు పైబడిన ఓటర్లు 2018 సెప్టెంబరు ముసాయిదాలో సుమారు 2 కోట్ల 61 లక్షలకు తగ్గారు. మధ్యకాలంలో పుట్టి పెరిగి ఓటుకు వచ్చినవారిని కలుపుకొంటే సంఖ్య పెరగవలసింది పోయి తగ్గింది. 2015లో పట్టికను ఆధార్‌తో జోడించి శుద్ధి చేయాలని తలపెట్టి, సుప్రీం కోర్టు ఉత్తర్వు వల్ల మధ్యలో ఆపివేసిన కార్యక్రమం ఇందుకు ఒక కారణమని విమర్శలు వచ్చాయి. గడువులో దరఖాస్తులు పెట్టి లక్షలమంది తిరిగి చేరారు. అయినా డిసెంబరు 7న బూతుకు పోయి పేరు లేక వెనుదిరిగినవారు ఎందరో. ఒక అంతర్జాతీయ బాడ్మింటన్ క్రీడాకారిణి కూడ అందులో ఉన్నది. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఈ తొలగింపు ముస్లింలకు మాత్రమే జరిగిందనడం సత్యదూరం. తండాల లంబాడీలు, కూలికి పట్నం పోయినవారు, అద్దె ఇండ్లవారు అందరూ ఇందులో నష్టపోయారు.

అయితే తరువాతి అడుగు చూడండి. పేరు పోయిన రెడ్డిగారు గాని, గౌడుగారు గాని కార్యాలయానికి పోయి ‘నా పేరెందుకు లేదు?’ అని గుమాస్తాను అడుగుతాడు. అదే పనిమీద పోయిన మన మనిషి, ‘నీవు ఎక్కడివాడవు?’ అని గుమాస్తా అడుగుతాడేమోనన్న శంకతో పోతాడు. గుమాస్తా అడగకపోవచ్చు, చాలామంది అడగరు కూడ. కాని టీవీలో రాత్రంతా చొరబాటుదారుల మాట విన్నవాడు, తెల్లవారి ఆ కార్యాలయపు మెట్లు ఎక్కడానికి వెనుకాడతాడు. 2024 ఏప్రిల్ 21న రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా సభలో ప్రధానమంత్రి ప్రసంగంలో ఆ మాట వచ్చింది. ఎన్నికల సంఘం ఆ పార్టీ అధ్యక్షునికి నోటీసిచ్చింది. తాను ముస్లింలను ఉద్దేశించలేదని ప్రధాని తరువాత అన్నారు. విన్నవారు ఎట్లా విన్నారన్నది వేరే సంగతి. కూలి పోగొట్టుకొని, ఆర్డీవో కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగి, పైగా అవమానాన్ని ఊహించుకొనే మనిషి నాలుగవసారి పోడు. అతనిని ఎవరూ అడ్డగించలేదు, ఏ చట్టమూ నిషేధించలేదు. అయినా ఓటు పోయింది. మొదటి రకపు వ్యాఖ్యాతలకు కనబడనిది ఈ నాలుగవసారే.

2024 మే 13న లోక్‌సభ పోలింగు నాడు హైదరాబాదులో జరిగిన సంఘటన అందరికీ తెలిసిందే. పోటీలో ఉన్న ఒక అభ్యర్థిని బూతులో కూర్చున్న ముస్లిం స్త్రీలను నఖాబు తీయించి, కార్డులతో ముఖాలు పోల్చి చూసింది. పోలీసులు కేసు నమోదు చేశారు. అభ్యర్థిగా తనకు ఆ హక్కు ఉన్నదని, మర్యాదగానే అడిగానని ఆమె సమాధానం. ఇక్కడ మనవారు కూడ రెండు విషయాలను కలగాపులగం చేశారు. గుర్తింపు కోసం ముఖం చూపడం వేరు, ఎవరికి చూపాలన్నది వేరు. సాక్ష్యం వంటి అవసరాలలో స్త్రీ ముఖం చూడవచ్చునని ఫుఖహాలు ఏనాడో చెప్పారు. కనుక మహిళా ఉద్యోగినికి ముఖం చూపడంలో మన స్త్రీలకు అభ్యంతరం ఉండనక్కరలేదు. పేరు చెప్పడానికే సంకోచిస్తే ఏమవుతుందో మొదటి ఎన్నికలే తెలిపాయి. ఫలానా వాని భార్య, ఫలానా వాని తల్లి అని మాత్రమే రాయించుకొన్న సుమారు 28 లక్షలమంది స్త్రీలు, అందులో అన్ని మతాలవారూ ఉన్నారు, ఆనాడు పట్టికకెక్కలేదు. కాని గుర్తింపు తేల్చవలసినది ప్రిసైడింగు అధికారి. అభ్యర్థి తరఫు ఏజంటుకు అనుమానముంటే నియమాలు ఒక దారి చూపాయి: రెండు రూపాయలు అధికారి వద్ద కట్టి అభ్యంతరం చెప్పాలి, అధికారి విచారించి తీర్పు చెబుతాడు. ఆ రెండు రూపాయలు కట్టకుండ చేయి చాచి నఖాబు ఎత్తించే హక్కు ఎవరికీ లేదు.

అభ్యంతరాల సంగతి వచ్చింది గనుక ఏడో నంబరు ఫారాన్ని గూర్చి రెండు మాటలు. ఇతరుని పేరు తొలగించవలసిందని ఓటరు ఎవరైనా ఈ ఫారంతో కోరవచ్చు. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి లక్షల సంఖ్యలో వచ్చిపడ్డాయి. తాము పెట్టనే లేదని పలువురు చెప్పగా పోలీసు కేసులు పెట్టారు. అబద్ధపు ప్రకటనకు ఏడాది వరకు జైలు శిక్ష ఉన్నది. రిజాల్ విద్వాంసుడు ఒకని మీద దోషం చెప్పేముందు దైవానికి భయపడేవాడు, తన పేరు కింద రాసేవాడు. ఇక్కడ దోషం చెప్పేవాడు ఎవరో కూడ తెలియదు. పోలిక ఇంతటితో ఆపడం మంచిది.

2025 జూన్ 24న బీహారులో ప్రత్యేక సవరణకు ఉత్తర్వు వెలువడింది. పాకిస్తాన్‌తో సైనిక ఘర్షణ జరిగి అప్పటికి నెలన్నర మాత్రమే. ఉత్తర్వు చెప్పిన కారణాలలో విదేశీ అక్రమ వలసదారుల పేర్లు ఉండటం ఒకటి. ఆగస్టు 1 నాటి ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని రమారమి 22 లక్షలు, వలసపోయారని లేదా కనబడలేదని 36 లక్షలు, రెండుచోట్ల ఉన్నాయని 7 లక్షలు అని లెక్క చెప్పారు. విదేశీయుల పద్దు ఆ లెక్కలో లేకపోవడం గమనార్హం. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించవలసిందని ఆగస్టు 14న సుప్రీం కోర్టు ఆదేశించింది. కారణం చెప్పని జర్హ్ చెల్లదన్న మాటే మళ్లీ.

ఆ 36 లక్షల పద్దు మన మూడు జిల్లాలవారు ప్రత్యేకంగా గమనించదగినది. భూపాలపల్లిలో బొగ్గు గనుల చుట్టూ ఉన్న కాంట్రాక్టు కార్మికుడు క్వార్టరు నుండి అద్దె ఇంటికి, అక్కడినుండి మరొక ఇంటికి మారుతుంటాడు. పైగా 2023లో ఆ నియోజకవర్గంలో భద్రతా కారణాల వల్ల పోలింగును సాయంత్రం 4 గంటలకే ముగించారు. ఇతరచోట్ల ఉన్న గంట అక్కడ లేదు. జనగామవాడు హైదరాబాదులో పనిచేసి వారానికొకసారి ఇల్లు చేరుతాడు. తాత్కాలికంగా లేనంత మాత్రాన నివాసం పోదని చట్టం 20వ సెక్షనులో ఉన్నది. అది అతడు చెప్పుకొంటేనే పనికి వస్తుంది. గల్ఫుకు పోయినవానికి 20ఏ సెక్షను కింద పేరు నమోదుకు వీలున్నా, ఓటు వేయడానికి స్వయంగా రావలసిందే. 2025 జూన్‌లో వలె యుద్ధం వల్ల విమానాలు నిలిచిపోతే అదీ లేదు. ఇక మహబూబాబాద్ శాసనసభ స్థానమూ, లోక్‌సభ స్థానమూ గిరిజనులకు రిజర్వు అయినవి. అది న్యాయమే. అక్కడి ముస్లిం పోటీ చేయలేడు, ఓటు మాత్రమే వేయగలడు. రాజకీయంలో అతనికున్న వాటా యావత్తూ పట్టికలోని ఆ ఒక్క వరుస.

ఇంత ఉన్నా మన మసీదు కమిటీలు ముసాయిదా పట్టిక వచ్చినప్పుడు దానిని ఒకసారి చదివించి చూసిన సందర్భాలు ఎన్ని? గాజా కొరకు దుఆ చేసిన జమాఅతు, నమాజు అయిన తరువాత పది నిమిషాలు కూర్చొని తమ బూతు పట్టికను వరుసగా చదివితే ఆ దుఆకు లోటేమీ రాదు. చదివేటప్పుడు తండావారిని, పక్క వాడవారిని కూడ పిలవడం మేలు. పోయిన పేర్లు వారివీ ఉంటాయి.

ఈ వ్యాసకర్త తల్లిగారి పేరు మూడు కాగితాలలో మూడు విధాలుగా ఉండేది. ఎనిమిదో నంబరు ఫారం తెచ్చి, ఏ రూపం ఖాయం చేయాలని ఇంట్లో అందరం వాదించుకొన్నాం. ఉర్దూ వచ్చిన మామయ్య ఒకటన్నాడు, కంప్యూటరు నేర్చిన మేనల్లుడు ఆధార్‌లో ఉన్నదే ఉండాలన్నాడు. చివరకు అమ్మనే అడిగాం. ఆమె తన పేరు మెల్లగా రెండుసార్లు పలికింది. అది ఆ మూడింటిలో ఏదీ కాదు. మేనల్లుడు చెప్పినదే రాసి పంపాం.